ఆఖరి మనిషి దాటేదాకా

షానన్ నది మీద ఆ బార్జ్ వంటగదిలో మధులిక కుక్కర్ పెడితే, మూడో విజిల్‌కల్లా ఎడ్వర్డ్ మెట్లు దిగి వచ్చేసేవాడు. ఆ పడవ నడిపేది ఆయనే. అరవై దాటిన ఐరిష్ మనిషి, మన పప్పుచారంటే పడిచస్తాడు. ఆడమ్స్‌టౌన్ నుంచి వచ్చిన పదిమంది తెలుగువాళ్లు పగలంతా ఒడ్డు వెంట సైకిళ్లు తొక్కేవాళ్లు. పడవ ముందే వెళ్లి తర్వాతి ఊరి దగ్గర ఆగేది. సాయంత్రానికి అందరూ దాన్ని చేరుకుని, తిని, అందులోనే పడుకునేవాళ్లు. నాలుగు రోజుల సరదా.

మధులిక భర్త కృష్ణమోహన్‌కి మాత్రం అన్నం సయించడం లేదు. ఆవకాయ సీసా మూత తిప్పాడో లేదో, కూతురు చరిత ముక్కు మూసుకుంది.

"డాడ్, ప్లీజ్! దట్ స్మెల్!"

పదమూడేళ్ల పిల్ల. ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది గానీ నోట ఒక్క ముక్క పలకదు. ఆవకాయ బల్ల మీదుంటే ఆ బల్ల దగ్గరే కూర్చోదు.

"పద్మిని ఉంటే నీ చెవి మెలిపెట్టేది," అంది మధులిక. అని, నాలిక్కరుచుకుంది. బల్లకి ఆ చివర కూర్చుని తింటున్న సుధీర్, పద్మిని భర్త, తల ఎత్తలేదు.

పద్మినిది సిద్దిపేట. నోరు మూసిందంటే నిద్రపోయినట్టే లెక్క. చరిత కనబడితే చాలు, "ఏం పిల్లా, ఒక్క ముక్క తెలుగుల చెప్పరాదు?" అని వెంటపడేది. కృష్ణమోహన్‌ని అన్నా అని పిలిచేది. సైకిలెక్కితే మాత్రం అందరికన్నా వెనకే. కంచె మీద బ్లాక్‌బెర్రీలు కనబడితే దిగాలి, ఆవు కనబడితే ఫోటో తీయాలి. "జర ఆగన్నా, వస్తున్న!" అని ఎక్కడో వెనకాల కేక వినబడేది.

ఈ సైకిల్ ప్రయాణాల్లో ఒక పద్ధతుంది. దారి చూపించే అమ్మాయి, అబిగేయిల్, అందరికంటే ముందు పోతుంది. మలుపు రాగానే తన వెనకున్న మనిషిని అక్కడ నిలబెడుతుంది. ఆ మనిషి వచ్చేవాళ్లందరికీ దారి చూపించాలి. చిట్టచివర వచ్చేవాళ్లు నారింజ రంగు చొక్కా వేసుకుంటారు. ఆ చొక్కా దాటేదాకా మలుపు దగ్గర మనిషి కదలకూడదు. వాన రానీ, వడగళ్లు పడనీ, కదలకూడదంటే కదలకూడదు.

పోయిన అక్టోబర్‌లో, ఇదే దారిలో, మలుపు దగ్గర నిలబడింది కృష్ణమోహన్. నారింజ చొక్కా పద్మినిది. అందరూ దాటారు, పద్మిని రాలేదు. పొగమంచు, చలి, పైగా చినుకులు. ఇరవై నిమిషాలు చూసి విసుగొచ్చింది. 'ఈవిడగారు పళ్లు కోసుకుంటుంటే నేనిక్కడ చావాలా?' అనుకుని సైకిలెక్కి వచ్చేశాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. పడవలో వేడి టీ చేతికిస్తూ అబిగేయిల్ అడిగింది, నారింజ చొక్కా దాటిందా అని. ఒప్పుకోవడానికి మొహం చెల్లలేదు పెద్దమనిషికి. "దాటింది. నేను చూశాను. ఊళ్లో దుకాణానికి వెళ్లుంటుంది," అన్నాడు.

అందరూ ఊళ్లో వెతికారు. గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, వాళ్లూ ఊళ్లోనే వెతికారు. పద్మిని మాత్రం మలుపు దగ్గర చెప్పేవాళ్లు లేక, తిన్నగా పోయి, పాత రేవు మెట్ల మీంచి సైకిల్‌తో సహా నీళ్లలో పడింది. గోడకున్న ఇనుప రింగు పట్టుకుని గంటన్నర బతికి ఉందట. ఆ మాట డాక్టర్లు చెప్పారు. రింగు మీంచి వేళ్లు విడదీయడానికి ఇద్దరు కావాల్సొచ్చింది.

ఆ రోజు సుధీర్ కృష్ణమోహన్ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. "నువ్వొక్కనివన్న నిలబడ్డవ్ అన్నా, దానికోసం," అన్నాడు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. కృష్ణమోహన్ చెప్పలేదు.

ఏడాది తిరిగింది. సంవత్సరీకం సిద్దిపేటలో పెట్టించి వచ్చి, "అదే దారిల అందరం పోయి నీళ్లల్ల పూలేద్దామన్నా," అన్నాడు సుధీర్. కాదంటే ఎందుకు కాదో చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని బయల్దేరాడు కృష్ణమోహన్. ఈసారి నారింజ చొక్కా సుధీర్ అడిగి మరీ తీసుకున్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం నదిమీంచి పొగమంచు లేచింది. ఆ మలుపు వస్తోందని కృష్ణమోహన్ వెనక్కి వెనక్కి జరిగాడు. ఎంత జరిగితే ఏం లాభం? ముందున్న ఇద్దరూ నీళ్లు తాగడానికి ఆగారు. అబిగేయిల్ వెనక్కి తిరిగి చూస్తే అతనే ఉన్నాడు. వేలితో మలుపు చూపించి ఆమె మంచులోకి వెళ్లిపోయింది.

ఒక్కొక్కరే వచ్చారు. ఎడమకి చెయ్యి చూపించాడు. ఒక్కొక్కరే దాటారు. మధులిక ఆగింది.

"చరిత ఏదీ?" అని అడిగాడు కృష్ణమోహన్.

"వెనకాల సుధీర్‌తో వస్తోంది. అది వచ్చేదాకా కదలకండి," అంది మధులిక, వెళ్లిపోతూ.

కదులుతాడా! కన్నకూతురు. ఈసారి భూమి బద్దలైనా కదలననుకున్నాడు.

తడి గడ్డి వాసన, ఎక్కడో ఆవుల దొడ్డి వాసన. కంచె ఆకుల మీంచి నీళ్లు బొట్లు బొట్లుగా రాలుతున్నాయి. పది నిమిషాలైంది. ఇరవై అయింది. ఆవుల వాసన పోయి, చెరువు ఎండినప్పుడు వచ్చే బురద వాసన కొట్టింది. ఆకుల చప్పుడు కూడా ఆగిపోయింది.

ట్రింగ్...

సైకిల్ బెల్.

"చరితా!" అని పిలిచాడు. మంచులో నారింజ రంగు కనబడింది. హమ్మయ్య, సుధీర్ అనుకున్నాడు. కానీ టైర్ల చప్పుడు లేదు. నీళ్ల చప్పుడు ఉంది... బక్కెట్ ఒలికినట్టు... ఆగి ఆగి...

దగ్గరికొచ్చింది. తల వంచుకుని ఉంది. చేతుల చివరల్నుంచి నీళ్లు కారుతున్నాయి. పొడుగు జడ.

సుధీర్‌కి జడ ఎక్కడిది?

"నేనే ఆఖరన్నా..." అంది గుసగుసగా. "ఇగ నువ్వు పో."

కృష్ణమోహన్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. దేవుణ్ణి తలుచుకుందామంటే ఒక్క పేరూ గుర్తు రాలేదు. ఎంతసేపు మూసుకున్నాడో తెలీదు. మధ్యలో ఏదో తన పక్కనుంచి వెళ్లింది. ఆ వెనకాలే ఇంకోటి వెళ్లింది. అయినా కళ్లు తెరవలేదు.

తెరిచేసరికి రోడ్డు మీద రెండు సైకిళ్ల తడి గీతలు. ఎడమకి తిరగలేదు. తిన్నగా పోయాయి.

"అన్నా!" వెనకనుంచి సుధీర్ వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. "చరిత గిప్పుడే నన్ను దాటి ముందటికి పోయింది. చూసినవ్ గదా?"

చూడలేదు. మలుపు దగ్గర నిలబడి కూడా చూడలేదు.

"ఊళ్లె దుకాణానికి పోయిందేమో, పా చూద్దాం..."

"ఊళ్లో కాదు! రేవు!" అని అరిచి, సైకిల్ అక్కడే పారేసి పరిగెత్తాడు.

పాత రేవు చివరి మెట్టు మీద, ఛాతీ లోతు నీళ్లలో కూర్చుని ఉంది చరిత. రెండు చేతులతో ఇనుప రింగు పట్టుకుంది. ఊపిరి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. వణకడం లేదు. కృష్ణమోహన్ ఎంత గుంజినా వేళ్లు రాలేదు. సుధీర్ కూడా దిగి పట్టుకుంటే అప్పుడు వచ్చాయి.

సుధీర్ ఆ రింగు వైపు చూశాడు. తర్వాత కృష్ణమోహన్ వైపు చూశాడు. "సీదా గీడికే ఎట్ల ఉరికినవన్నా?"

అప్పుడైనా చెప్పొచ్చు. పిల్ల బతికి చేతుల్లో ఉంది. ఇంతకన్నా మంచి సమయం ఎవరికి దొరుకుతుంది?

"ఏదో... అలా తట్టింది," అన్నాడు కృష్ణమోహన్.

పడవలో చరితకి బట్టలు మార్చారు, దుప్పటి కప్పారు. అబిగేయిల్ డాక్టర్ని తీసుకొస్తానని వెళ్లింది. పిల్లకి ప్రమాదం లేదనుకుని మిగతావాళ్లు ఎడ్వర్డ్‌తో ఒడ్డుకి వెళ్లారు. చరిత అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. తల్లి అన్నం వడ్డించింది. "తిను నాన్నా, ఒంట్లో వేడి పుడుతుంది."

చరిత కంచం దగ్గరకి లాక్కుంది. ఆవకాయ సీసా అందుకుంది. రెండు ముక్కలు వేసుకుని, ఎర్రగా కలిపి, పెద్ద ముద్ద నోట్లో పెట్టుకుంది. మధులిక చేతిలో గరిటె ఆగిపోయింది.

"నన్ను ఎప్పుడు చూసినవన్నా?" అంది చరిత.

గొంతు పిల్లదే. మాట పిల్లది కాదు.

"చెప్పు. దాటంగ చూసిన అన్నవ్ గద అందరికి. ఏడ చూసినవ్? ఎటు పోయిన?"

సుధీర్ కుర్చీ వెనక్కి పడింది. "పద్మీ..." అన్నాడు.

"నువ్వు కూసో. నీతోని కాదు."

కృష్ణమోహన్ కూతురి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "నా బిడ్డని వదిలెయ్ తల్లీ!"

"ముందుగాల చెప్పు."

చెప్పాడు. ఇరవై నిమిషాలు నిలబడటం, విసుక్కోవడం, వచ్చేయడం, టీ తాగుతూ ఆడిన అబద్ధం, అన్నీ చెప్పాడు. మధులిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సుధీర్ కొట్టలేదు, తిట్టలేదు. నెమ్మదిగా వెళ్లి తలుపు గడియ పెట్టి, దానికి ఆనుకుని నిలబడ్డాడు.

"చెప్పాను కదా! నా పిల్లేదీ?" అని అరిచాడు కృష్ణమోహన్. చెబితే పోతుందన్నారు గానీ, ఎప్పుడు పోతుందో పెద్దవాళ్లు చెప్పలేదు.

చరిత ఇంకో ముద్ద కలుపుకుంది. "వస్తది. ఎనక పడ్డది. మలుపు కాడ ఎవ్వరు లేరు గద."

ట్రింగ్...

ఒడ్డు మీద, మంచులో.

"డాడ్?"

మధులిక గరిటె జారవిడిచింది. ఆ పిలుపు ఆమే విన్నది, అతనూ విన్నాడు.

"డాడ్... విచ్ వే?"

కృష్ణమోహన్ తలుపు మీదికి దూకాడు. సుధీర్ జరగలేదు. గడియ మీద చెయ్యి తీయలేదు. ఏడుస్తున్నాడు, కానీ జరగలేదు.

"జర ఆగన్నా," అన్నాడు సుధీర్. "గంటన్నర."

గుండ్రటి కిటికీ తెరుచుకునేది కాదు. అద్దం మీద రెండు చేతులతో బాదాడు. "ఎడమకి చరితా! ఎడమకి తిరుగు! నాన్నని, ఇక్కడే ఉన్నా!" మధులిక కూడా పక్కన చేరి అరిచింది. వెనకాల కంచంలో వేళ్ల చప్పుడు, తాపీగా, వినబడుతూనే ఉంది.

బయట ఇంకోసారి బెల్ మోగింది. ఈసారి ఒడ్డు మీంచి కాదు. కిటికీకి అవతలి వైపు, నది మధ్య నుంచి.