పాత కారు, కొత్త ఆయిల్

ఆదివారం ఉదయం ఏడూ పదికి ఫోన్. ఏడున్నరకల్లా ఇన్‌స్పెక్టర్ ఆ ఇంటి కారు షెడ్డులో ఉన్నాడు.

కారు ముందు భాగం నేలకు ఒరిగింది. జాకీ పక్కకు పడి ఉంది. కింద రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారి శవం. కాస్త అవతల ఇంజన్ అడుగున విప్పిన ఆయిల్ నట్టు, ఆయిల్ నిండిన ట్రే.

"అన్నయ్య ఒంటరి మనిషి సార్," తమ్ముడు కళ్ళు తుడుచుకున్నాడు. "నిన్న సాయంత్రం వచ్చాను. 'ఆయిల్ మార్చి ఏళ్ళయింది, తెల్లారగానే నేనే మార్చేస్తా' అన్నాడు. వద్దన్నా వినలేదు. జాకీ మీద గ్యారేజీ పేరుంది, చూడండి. అరిగిపోయిన జాకీ ఇచ్చి ఆ మెకానిక్ నా అన్నను పొట్టన పెట్టుకున్నాడు!"

కానిస్టేబుల్ అప్పటికే మెకానిక్‌ను పట్టుకొచ్చాడు. కేసు పడితే గ్యారేజీకి తాళం, అతనికి జైలు.

"జాకీ నీదేనా?"

"నాదే సార్. టైరు మార్చుకోడానికి అడిగితే ఇచ్చాను. దానికేం జబ్బు లేదు."

ఇన్‌స్పెక్టర్ కారులోకి తొంగి చూశాడు. మీటర్ 2,40,160. అద్దం మూల వెలిసిపోయిన చీటీ. 'తర్వాత ఆయిల్ 2,10,000.' గుండ్రటి అక్షరాలు.

"చూశారా సార్? ముప్ఫై వేల కిలోమీటర్లు దాటిపోయింది," తమ్ముడు అందుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ ఇంట్లోకి వెళ్ళాడు. ఒకే కంచం. ఒకే గ్లాసు. మంచం మీద దుప్పటి ఒక పక్కే నలిగింది. తన ఇల్లూ అచ్చం ఇలాగే ఉంటుంది. అది గుర్తొచ్చి అతనికి దిగులేసింది.

తిరిగొచ్చి ట్రేలో వేలు ముంచి వెలుతురులో చూశాడు. తేనె రంగు.

"ముప్ఫై వేలు దాటిన ఆయిల్ ఎలా ఉంటుంది?"

"కాటుకలా సార్," అన్నాడు మెకానిక్. ట్రే చూసి ఉలిక్కిపడ్డాడు. "ఇది నేను బుధవారం పోసింది! సరిగ్గా రెండు లక్షల నలభై వేల దగ్గర. నా పుస్తకంలో ఉంది."

"మరి చీటీ మార్చలేదేం?"

"అది మాస్టారి భార్య రాసిన ఆఖరి చీటీ సార్. ఆవిడ పోయి రెండేళ్ళు. లెక్క నువ్వు చూసుకో, చీటీ మాత్రం ముట్టుకోకు అన్నారు మాస్టారు. ఐదు వేలకోసారి నేనే గుర్తుచేసి పిలిచేవాణ్ణి. ఇంట్లో తోచక రోజంతా కారేసుకుని తిరిగేవారు, పాపం."

ఇన్‌స్పెక్టర్ తమ్ముడి వైపు తిరిగాడు.

"నాలుగు రోజుల కిందట పోయించిన ఆయిల్‌ను మాస్టారు పారబోయరు. ఆ చీటీని నమ్మినవాడే నట్టు విప్పాడు. ఆయిల్ మార్చి ఏళ్ళయిందని మీకు ఏ అన్నయ్య చెప్పాడండీ?"

తమ్ముడి మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"ఇంతకుముందు ఈ ఇంటికి ఎప్పుడొచ్చారు?"

"వదిన పోయినప్పుడు..."

పది నిమిషాల్లో అంతా కక్కేశాడు. ఇల్లు అమ్మమన్నాడు. అన్న ససేమిరా అన్నాడు. తోపులాటలో అన్న తల గోడకు కొట్టుకుంది. ప్రాణం పోయిందని తెలిశాక, చీటీ చూసి ఆయిల్ దించాడు. శవాన్ని కారు కిందకు లాగి, జాకీ తన్నేశాడు.

జీపు అతన్ని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. కాగితాల పని మిగిలింది. మాస్టారికి ఉన్న ఒక్క అయినవాడూ హంతకుడే.

"బాడీ ఎవరు తీసుకుంటారు?"

"నేను తీసుకుంటా సార్," అన్నాడు మెకానిక్.

"ఆయనకు ఏమవుతావు?"

"ఏమీ కాను సార్. సర్వీసుకొచ్చినప్పుడల్లా కాసేపు కూర్చుని మాట్లాడుకునేవాళ్ళం. అంతే."

ఇన్‌స్పెక్టర్ 'మృతుడికి ఏమవుతారు' అన్న గడిలో 'ఆప్తుడు' అని రాశాడు. రేపు తన చావు కాగితంలో ఆ గడి నింపే వంతు వస్తే, ఎవరి గురించి రాస్తారో అతనికి తోచలేదు.