పాల క్యాన్ మీద మూడు వేళ్లు

స్రవ్య టీచర్, పేర్లు కత్తిరించేసిన కంపెనీ గుర్తులను బోర్డు మీద వరుసగా అంటించింది. తొమ్మిదో తరగతి పిల్లలు ఆమె అడగకముందే అరిచేశారు. బూట్లు, బిస్కెట్లు, సెల్‌ఫోన్లు, ఒక్కటీ తప్పు చెప్పలేదు.

"పేరే లేదు కదా, ఎట్ల గుర్తుపట్టిండ్రు?"

"రోజూ జూస్తం గద మేడం!"

"అదే బ్రాండ్ అంటే. ఒక కంపెనీకి ఒకటే గుర్తు ఉండాలి. ఒక్కో డబ్బా మీద ఒక్కో తీరుగ ఉంటే జనానికి నమ్మకం పోతుంది. రేపు మీ గల్లీలో కనబడే గుర్తు ఏదైనా ఒకటి తీసుకురండి."

మరునాడు స్వీటీ గౌలిపుర నుంచి ఏకంగా ఖాళీ పాల క్యాన్ మోసుకొచ్చింది. దాని మెడ కింద ఎర్ర పెయింట్‌తో మూడు వేలిముద్రలు ఉన్నాయి.

"మా నందు మామ క్యాన్ మేడం. గీ వేళ్లు లేకుంటే గల్లీల ఎవ్వరు గిన్నె పట్టరు."

నందు ఎవరో స్రవ్యకు తెలుసు. ఛత్రినాకలో ఆమె ఉంటున్న పిన్ని ఇంటికి పాలు పోసేది అతనే. ఇద్దరి మధ్య ఇప్పటిదాకా నడిచిన సంభాషణ "అర లీటర్", "సరే మేడం". అయినా అతని బండి మలుపు తిరగకముందే ఆమె గిన్నెతో గుమ్మంలో ఉండేది. ఎందుకని పిన్ని అడగలేదు. స్రవ్యా చెప్పలేదు.

ఇంటర్వెల్ తర్వాత స్రవ్య క్లాసుకు వచ్చేసరికి క్యాన్ తళతళ మెరుస్తోంది. దీక్షిత్ చేతిలో థిన్నర్ గుడ్డ ఉంది.

"లోగో మస్తు పాతగుంది మేడం. కొత్తది డిజైన్ చేద్దామని తుడిచేసిన."

క్యాన్ కోసం వచ్చిన నందు సరిగ్గా అప్పుడే గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంది మేడం గిది? ఇప్పుడు ఈ క్యాన్‌తోని పోతే నన్ను ఎవరనుకుంటరు?"

"పిల్లల తప్పు కాదండి, నాదే. ఒక్క నిమిషం ఆగండి, నేను వేసిస్తాను."

"వద్దు మేడం, అది మీరు..."

స్రవ్య అప్పటికే డ్రాయింగ్ డబ్బాలోని ఎర్ర పెయింట్‌లో మూడు వేళ్లు ముంచి క్యాన్ మీద అద్దేసింది.

నందు ఆ ముద్రల వైపే చూస్తూ క్యాన్ అందుకున్నాడు. స్వీటీ మాత్రం బెంచీ కిందికి వంగి నవ్వింది.

బయట వాన మొదలైంది. నందు తాను తడుస్తూ, ముద్రల మీద మాత్రం చేయి అడ్డం పెట్టుకుని వెళ్లాడు.

మర్నాడు మధ్యాహ్నం అతని తల్లి బాలమ్మ కోవా డబ్బాతో బడికి వచ్చింది. వెనకాల క్యాన్‌తో నందు. బాలమ్మ నేరుగా స్రవ్య చేయి పట్టుకుని వేళ్లు చూసింది. గోళ్లలో ఎరుపు ఇంకా పోలేదు.

"నువ్వేనా బిడ్డా? మా ఇంట్ల క్యాన్ మీద వేళ్లు కోడలే వెట్టాలె. మా అత్త వెట్టింది, ఆమె తర్వాత నేను వెట్టిన. నిన్న గల్లీల అందరిది ఒకటే అడుగుడు, 'బాలమ్మా, వేళ్లు సన్నగైనయి, కోడలెప్పుడొచ్చె?' అని. పిలువకుండ లగ్గమెట్ల జేసినవని ఒకామె అలిగింది గూడ!"

స్రవ్య ముఖం గోళ్ల రంగుకు వచ్చింది. నందు వైపు తిరిగింది.

"మీరు ముందే చెప్పొచ్చు కదా?"

"చెప్పేలోపే వేళ్లు పడ్డయి మేడం."

"పడ్డాక?"

నందు క్యాన్ మూత వైపు చూశాడు. "పడ్డంక చెప్పబుద్ధి గాలే."

కిటికీ నిండా పిల్లల ముఖాలు.

బాలమ్మ కోవా డబ్బా మూత సగం తీసి ఆగింది. "ఫికర్ జేయకు బిడ్డా. నీకిష్టం లేకుంటె ఇప్పుడే తుడిపిస్త. గల్లీకి నేను జెప్పుకుంట."

నందు జేబులోంచి గుడ్డ తీశాడు. థిన్నర్ వాసన వచ్చింది. అతని చేయి మాత్రం క్యాన్ దాకా పోలేదు.

స్రవ్య ఆ గుడ్డ తీసుకుంది. మడతపెట్టి టేబుల్ సొరుగులో పడేసింది.

"మా పిన్నితో మీరే మాట్లాడాలి అమ్మా," అంది బాలమ్మతో. తర్వాత నందును అడిగింది, "మీ మిగతా క్యాన్ల మీద ఎవరి వేళ్లున్నాయి?"

"అమ్మవే."

"పిన్ని సరేనంటే అవి కూడా తీసుకురండి."

"ఎందుకు మేడం?"

"ఒక కంపెనీకి రెండు గుర్తులు ఉండొద్దని పిల్లలకు చెప్పాను."

బాలమ్మ కోవా డబ్బా మూత పూర్తిగా తీసింది.