జేబు లేని చొక్కా

ఉదయం తొమ్మిది గంటలకు కాలేజీ వర్క్‌షాపు గుమ్మం దగ్గర టైలరమ్మ కూతుర్ని ఆపేశారు. ఆ రోజు వెల్డింగ్ ప్రాక్టికల్ పరీక్ష. వేసుకొచ్చిన చొక్కాతో లోపలికి రానివ్వనని మాస్టారు చెప్పేశారు. ఆ చొక్కా కుట్టింది తల్లే.

కూతురు తిరిగి ఇంటికి వచ్చేసరికి కొట్టుగా వాడుకునే ముందుగదిలో టైలరమ్మ ఎవరివో పరదాలు కుడుతోంది. పక్కన కుర్చీలో అమ్మమ్మ గుండీలు ఏరుతోంది. కూతురు టీషర్టు మీద ఉన్న చొక్కా విప్పి మిషను మీద పడేసింది.

“అప్పుడే అయిపోయిందా పరీక్ష?” అంది అమ్మమ్మ.

“మొదలైతే కదా అవడానికి! పాలిస్టర్ వేసుకుని నిప్పు దగ్గరికి వస్తావా అని అందరి ముందూ అడిగారు. పన్నెండు లోపు కాటన్ చొక్కాతో వెళ్తే సరే. లేకపోతే వచ్చే బ్యాచ్‌తోనే. అంటే ఇంకో ఆర్నెల్లు.”

టైలరమ్మ మిషను ఆపింది.

“అందులో సగం కాటనే,” అంది.

“మిగతా సగం చాలు నన్ను కాల్చడానికి.”

కూతురు కిందటేడు డిగ్రీ మధ్యలో మానేసి ఈ కోర్సులో చేరింది. తల్లి చాలా రోజులు సరిగ్గా మాట్లాడలేదు. తను నడుం వంచి బతికింది, కూతురైనా ఫ్యాను కింద కూర్చునే ఉద్యోగం చేస్తుందని ఆశపడింది. అలాంటిది పోయిన వారం, ఎవరూ అడక్కుండానే, బీరువాలో దాచుకున్న గుడ్డ తీసి చొక్కా కుట్టింది. రెండు జేబులు పెట్టింది. చేతులకు మడతలు వేసింది.

“నిజం చెప్పమ్మా. కావాలనే కుట్టావు కదూ?”

“ఏం మాటలే అవి!”

“గుడ్డ కొనేటప్పుడు దారం పీకి అగ్గిపుల్ల పెట్టి చూస్తావు. బూడిదైతే కాటన్, ముద్దకడితే పాలిస్టర్ అని షాపువాడికే పాఠం చెప్తావు. అది కరిగి ఒంటికి అంటుకుంటుందని నీకు తెలీదా? నేనిది మానేస్తే చాలు నీకు.”

ఆ సంగతి టైలరమ్మకు తెలుసు. కత్తెర పట్టుకున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

“నలగదని తీశానే,” అంది చివరికి. “అక్కడందరూ మగపిల్లలన్నావు. వాళ్ళ మధ్య నిలబడితే నిన్నెవరూ తక్కువగా చూడకూడదనుకున్నా. నిప్పురవ్వల సంగతి తట్టలేదు. అక్కడ నువ్వేం చేస్తావో ఒక్కరోజైనా అడిగానా, తట్టడానికి?”

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అమ్మమ్మ గుండీల డబ్బాకు మూత పెట్టింది.

“ఏడుపులు సాయంత్రం పెట్టుకోండి. ఒకళ్ళు మూతి ముడుచుకుని, ఒకళ్ళు ముక్కు చీదుకుంటూ కూర్చుంటే చొక్కా దానంతటదే కుట్టుకుంటుందా?”

టైలరమ్మ లేచి, సంచుల కోసం తెచ్చిన మందపాటి కాటన్ తాను కిందికి దించింది. ఒక పోగు పీకి వెలిగించింది. బూడిద రాలింది. సుద్దముక్క అందుకుంది.

“జేబులెక్కడ పెట్టను?”

“అసలొద్దు. రవ్వ వెళ్ళి జేబులో కూర్చుంటుంది.”

“చేతి మడతో?”

“అక్కడా కూర్చుంటుంది.”

“రవ్వ కాదే అది, చుట్టం. చోటు కనపడితే చాలు, కూర్చోవడమే,” అంది అమ్మమ్మ.

కూతురు నవ్వాపుకుంది. “మెడ దాకా మూసెయ్యి. ఆ వెలుగుకి చర్మం కమిలిపోతుంది.”

“వెలుగుకే? నిప్పు తగలకుండానే?”

“ఎండకి కమిలినట్టే.”

టైలరమ్మ కత్తెర ఆపి కూతురి మెడ కింద ఎర్రబడ్డ చోటు చూసింది. పౌడరు పడలేదని ఇన్నాళ్ళూ అనుకుంది.

మిషను మీద కూర్చున్నాక కూడా అడుగుతూనే ఉంది. “రెండు ఇనప ముక్కలు కదలకుండా ఎలాగే? చేత్తో పట్టుకుంటారా?”

“ముందు అక్కడక్కడా చుక్కల్లా అతుకులు పెడతాం. ట్యాక్ అంటారు. తర్వాత మొత్తం వేస్తాం.”

“కచ్చా కుట్టన్నమాట.”

“అంతే. కాకపోతే మేం తర్వాత విప్పం.”

చొక్కా అయ్యాక టైలరమ్మ కొట్టు అమ్మమ్మకు అప్పజెప్పి కూతురితో బయల్దేరింది. పన్నెండు కాకముందే ఇద్దరూ వర్క్‌షాపు చేరారు. మాస్టారు చొక్కా చెయ్యి తిప్పి కుట్టు చూశారు.

“ఎవరు కుట్టారు?”

“నేనేనండీ. పొద్దున్నదీ నేనే.”

మాస్టారు కూతుర్ని లోపలికి పంపారు. తల్లి చేతికి నల్లద్దం ఉన్న షీల్డు ఒకటి ఇచ్చి గీత వెనక నిలబడమన్నారు. అది తీసి చూస్తే కళ్ళలో ఇసుక పోసినట్టు మంటపుడుతుందని హెచ్చరించారు.

అద్దంలోంచి మొదట ఏమీ కనపడలేదు. తర్వాత ఒక చుక్క వెలిగింది. దాని వెనక ఇనుము కరిగి, చుక్కతో పాటే జరుగుతూ గట్టిపడుతోంది. రవ్వలు చొక్కా మీద పడి, జారి, నేల మీద ఆరిపోయాయి.

“చెయ్యి అంత నెమ్మదిగా ఎందుకండీ? తొందరపడితే ఏమవుతుంది?” అని మాస్టారిని అడిగింది టైలరమ్మ.

“లోపలిదాకా అతకదమ్మా.”

“మధ్యలో ఆ కరిగే పుల్ల అయిపోతే?”

“కొత్తది పెట్టి, ఆగిన చోటికి కాస్త వెనక నుంచి మొదలుపెట్టాలి.”

“మేమూ అంతే. దారం తెగితే కాస్త వెనక్కొచ్చి కుడతాం.”

“మీరూ చేరతారా ఏమిటి?”

“మా అమ్మ ఒప్పుకోదండీ.”

ప్లేటు చల్లారాక కూతురు అతుకు మీద కట్టిన పెంకును చిన్న సుత్తితో కొట్టి రాల్చింది. మాస్టారు ప్లేటును వంచే యంత్రంలో బిగించారు. అతుకు దగ్గర పగులు వస్తే పరీక్ష పోయినట్టే. కూతురు గీత దాటి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది.

“పొద్దున ఏదేదో అనేశానమ్మా.”

“సరేలే. అటు చూడు.”

“నావల్ల కాదు. నువ్వు చూసి చెప్పు.”

టైలరమ్మ కళ్ళు తుడుచుకుని ముందుకు వంగి చూసింది. ప్లేటు మెల్లగా వంగింది. రెండు కొసలూ దగ్గరికి వచ్చాయి. అతుకు పగల్లేదు.