అప్పగింత పటం

కాచి చల్లార్చిన నీళ్లలో గుడ్డ ముంచి పిండి, తరళ సాక్షికన్ను యంత్రం అద్దాన్ని తుడుస్తోంది. సముద్రం వచ్చి కలిసిన తరవాత కొల్లేటి గాలిలో ఉప్పు ఎక్కువైంది. రోజూ పొద్దున్నే ఇలా తుడవకపోతే మధ్యాహ్నానికి ముఖాలు మసకబారతాయి. మసకబారిన ముఖాన్ని కన్ను గుర్తుపట్టదు. గుర్తుపట్టని మనిషి, ఎవరు ఎవరికి ఏమవుతారో రాసే బంధుపటంలోకి ఎక్కడు. అందుకని గోటికి గుడ్డ చుట్టి అంచులు కూడా తుడిచింది. సాక్షిగా ఈ కన్నుతో ఇప్పటికి నలభై ఒక్క పెళ్లిళ్లు చూసింది. ఈ రోజుది తన పెద్దమ్మ కూతురు మృదులది.

విడిది ఇల్లు సరస్సు మధ్యలో స్తంభాల మీద నిలబడి ఉంది. పన్నెండు మందికి సరిపడా మంచినీళ్లే ఇస్తారు కాబట్టి రెండు వైపులా కలిపి చుట్టాలు పన్నెండు మందే. పనివాళ్ల నీళ్లు పనివాళ్లే తెచ్చుకోవాలి. పడవ దిగినవాళ్లు ఒక్కొక్కరే గడప దగ్గర ఆగుతారు. కన్ను చూస్తుంది. పక్కన నిలబడ్డ సాక్షి వరస చెబుతుంది. పెళ్లికొడుకు తల్లి వేదవతి తెల్లవారగానే వచ్చింది. తన వాళ్లు సరిగా నమోదవుతున్నారో లేదో చూసుకోవడానికి తరళ పక్కనే కుర్చీ వేయించుకుంది.

ఎనిమిదింటి పడవలో తరళ తల్లి చిట్టెమ్మ దిగింది. రాత్రి పాళీ ముగించుకుని నాచుతొట్ల దగ్గర నుంచి నేరుగా వచ్చినట్టుంది. చీర కొత్తదే. చేతులు మాత్రం మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. పదిహేనేళ్లుగా తొట్లలో నాచు కలిపే చేతులకు పట్టిన ఆ రంగు ఏ సబ్బుకూ వదలదు.

వేదవతి చీర కుచ్చిళ్లు కొంచెం వెనక్కి లాక్కుంది. "ఆవిడెవరమ్మా? చేతులేంటి అలా ఉన్నాయి?"

"పనికొచ్చిందండీ," అంది తరళ. "వంటసాయానికి."

సాక్షి నోట వచ్చిన మాటను కన్ను రాసేసుకుంది. వరస లేదు అన్న అక్షరాలు తెరమీద ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. చిట్టెమ్మ కూతురి ముఖంలోకి చూసింది. చేతిలో ఉన్న సంచీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుని, ఇల్లు చుట్టి తిరిగి వంటగది వైపు వెళ్లిపోయింది.

అక్క కోసమే అలా అన్నాను, అత్తగారి ముందు అక్క చులకన కాకూడదని అన్నాను అని తరళ తనకు తాను సర్దిచెప్పుకుంది. ఒక పావుగంట ఆ మాటను నమ్మింది కూడా. కానీ ఆ మాట నోట్లోంచి వచ్చిన క్షణంలో అక్క గుర్తుకు రాలేదు. ఆ చేతులున్న మనిషి కూతురిగా తను వేదవతి కళ్ల ముందు నిలబడాల్సి వస్తుంది. అదొక్కటే గుర్తుకొచ్చింది.

మృదులకు ఇదేదీ తెలియదు. లోపలి గదిలో జడ వేయించుకుంటూ పిన్ని వచ్చిందా అని రెండుసార్లు కబురు పెట్టింది. వంటగదిలో ఉంది, పనిలో ఉంది అని తరళే జవాబు పంపింది. అందులో అబద్ధమేమీ లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

వంటసాయం అన్న ఆ మాటను చిట్టెమ్మ పూర్తిగా పట్టుకుంది. నాచుపిండితో గారెలు వేసి అందరికీ తెచ్చి పెట్టింది. వేదవతి నాలుగు తిని, ఇంత మెత్తగా తానెక్కడా తినలేదని మెచ్చుకుంది. నిజం తెలిసిన మనిషి మగవాళ్లలో ఒక్కడే, మృదుల పెదనాన్న జగ్గారావు. గట్టు మీద మేడ ఉన్నవాడు. ఆయన గారె కొరుకుతూ తరళ వైపు చూసి ఒకసారి నవ్వి ఊరుకున్నాడు. చిట్టెమ్మ కూతురి దగ్గరికి వచ్చి టీ గ్లాసు చాపింది.

"మేడం గారూ, టీ. సల్లారిపోద్ది."

"అమ్మా..." అంది తరళ గొంతు తగ్గించి.

"పంచదార తక్కువేశానండి. మీకు అలవాటంట గదా," అని చిట్టెమ్మ తరవాతి మనిషి దగ్గరికి జరిగింది.

మంగళసూత్రం పడింది. తరళ తీసిన పటం తెరమీద తేలింది. వరస లేనివాళ్లను కన్ను మంచుతో కప్పేస్తుంది. వధూవరుల వెనక తెల్లటి మంచులో, ఎవరూ పట్టుకోకుండానే తలంబ్రాల పళ్లెం గాలిలో నిలబడి ఉంది. పళ్లెం పట్టుకున్నది చిట్టెమ్మ. ముప్ఫై పటాలు తీసింది తరళ. ముప్ఫైలోనూ ఎక్కడో ఒకచోట ఆ మంచు ఉంది.

ఇక మిగిలింది అప్పగింత పటం. ఆడపిల్ల చేతిని పాలలో ముంచి అత్తగారి చేతిలో పెట్టే చేతులు ఎవరివైతే, వాళ్ల ఇల్లే ఆమెకు పుట్టినిల్లని కన్ను రాస్తుంది. రేపు కాపురంలో ఏ కష్టమొచ్చినా హక్కుగా తట్టగలిగిన తలుపు అదొక్కటే. తల్లీ తండ్రీ పోయిన మూడేళ్ల పిల్లను తెచ్చి పెంచింది చిట్టెమ్మ. జగ్గారావు మృదులను చూసింది మొత్తం మీద ఐదారుసార్లు. వరస లేదని కన్ను రాసుకున్న చిట్టెమ్మకు ఆ చోటు లేదు కాబట్టి, ఇప్పుడు ఆయన కండువా సర్దుకుని పాలపళ్లెం ముందు కూర్చున్నాడు.

మృదుల చెయ్యి చాపలేదు. "పిన్నేది?"

వంటగది గుమ్మంలో నిలబడి చిట్టెమ్మ అంది, "ఏళ దాటిపోద్ది. కానియ్యండి అమ్మాయిగారూ."

మృదుల ఆ మాట అర్థం కానట్టు చూసింది. పిన్ని ముఖం చూసి, చెల్లెలి ముఖం చూసింది. అర్థమైంది. జగ్గారావు చాపిన చేతులు అలాగే ఉన్నాయి. ఆమె తన రెండు చేతులూ ఒళ్లో దాచుకుంది.

రాసిన వరసను ఎవరూ చెరపలేరు. సాక్షి తానే తప్పు ఒప్పుకుంటే కన్ను ఆమె చూసిన పెళ్లిళ్లన్నిటినీ అనుమానంలో పెడుతుంది. అంటే నలభై ఒక్క ఇళ్ల బంధుపటాలు ఆగిపోతాయి. వాళ్లలో తరళను నమ్మి పిలిచినవాళ్లే ఎక్కువ. మృదుల తలెత్తి తన వైపు చూస్తుందేమో అని తరళ ఎదురుచూసింది. మృదుల చూడలేదు.

"సాక్షి మాట," అంది తరళ. "పొద్దున అబద్ధం చెప్పాను. పనికొచ్చిన మనిషి కాదు. పెళ్లికూతురికి పిన్ని. పెంచిన తల్లి. నాకు అమ్మ. ఆ చేతులు చూసి సిగ్గుపడి అలా చెప్పాను."

తరవాత ఒక్కొక్క పెళ్లి సంఖ్యే తెరమీద ఎర్రగా వెలిగి ఆగిపోవడం మొదలైంది. నలభై ఒకటి. నలభై. ముప్ఫైతొమ్మిది. ఒకటి దాకా వచ్చాక రెప్ప మూసుకుంది. పుట్టినిల్లు గడి ఖాళీగా మిగిలింది.

"ఇంతకీ ఈ పెళ్లి అయినట్టా, కానట్టా?" అని వేదవతి అడిగింది. ఇలాంటిది ముందెన్నడూ జరగలేదు. జగ్గారావు లేచి పక్కకు జరిగాడు.

చిట్టెమ్మ వచ్చి ఆ చోట కూర్చుంది. మృదుల చేతిని ఒళ్లోంచి పైకి తీసి, పాలలో ముంచి, వేదవతి ముందుకు చాపింది. మూసుకున్న కన్ను వైపు ఒక్కసారైనా చూడలేదు.

"మా పిల్లండి. తప్పు చేస్తే నాకు కబురెట్టండి. నేనొచ్చి తీసుకెళ్తాను."

వేదవతి ఆ చేతులకేసి కాసేపు చూసింది. చివరికి తన చేతులు చాపింది. పాలు మోచేతుల మీదుగా పట్టుచీర మీద కారాయి. ఆమె తుడుచుకోలేదు.

మృదుల పిన్ని భుజం మీద తల పెట్టి ఏడ్చింది. చిట్టెమ్మ ఆమె వీపు నిమిరి, ముఖం తుడిచి, పైకి లేచింది. వంటగదిలోంచి సంచీ తెచ్చుకుంది. గుమ్మానికి అడ్డంగా తరళ నిలబడి ఉంది. ఏదో అడగాలని నోరు తెరిచింది. చిట్టెమ్మ కూతురిని తాకకుండా పక్కకు ఒదిగి దారి చేసుకుని, మెట్లు దిగి, పడవ ఎక్కింది.