ధనుంజయరావుగారి గుండె స్కోరు

తెర మీద గీత కదల్లేదు.

"ఇంకో పేరు చెప్పండి," అన్నారు డాక్టర్ మెహరున్నీసా.

కుర్చీలో కూర్చున్న ధనుంజయరావుగారు తన మణికట్టుకి కట్టిన పట్టీ వంక అనుమానంగా చూశారు. ఆయన కాకినాడ హార్బర్లో మరపడవల ఇంజన్లు బాగుచేసి రిటైరైన మనిషి. యంత్రం పలక్కపోతే లోపం యంత్రంలోనే ఉంటుందని ఆయన నమ్మకం.

"మీకు ఎప్పుడైనా సాయం చేసినవాళ్ళ పేరు కావాలండి. ఇంట్లోవాళ్ళు కాకుండా."

"లేరండి."

"ఒక్కరు కూడానా?"

"నేనెవరి ముందూ చెయ్యి చాచలేదు డాక్టరమ్మా. ఇంట్లో పంచదార అయిపోతే ఆ పూట చేదు కాఫీ తాగానే గానీ, పక్కింటికి గ్లాసు పంపలేదు."

ఈ మాట చెప్పుకోవడం ఆయనకి మహా ఇష్టం. వినేవాళ్ళు తల ఊపుతారు కూడా. డాక్టరమ్మ మాత్రం ఊపలేదు. తెర ఆయన వైపు తిప్పారు. స్కోరు ఉండాల్సిన చోట చిన్న అడ్డగీత ఉంది. సున్నా అయినా లేదు.

ఈ యంత్రం సంగతి కాస్త చెప్పుకోవాలి. పూర్వం క్రెడిట్ స్కోరు అంటే వాయిదాలు వేళకి కట్టామా లేదా అన్న లెక్క. ఆ పనంతా ఫోన్లే చూసుకోవడం మొదలెట్టాక ప్రతివాడికీ బ్రహ్మాండమైన స్కోరే. ఊరంతా ఫస్టు క్లాసులో పాసైపోతే ఇక పరీక్ష దేనికి? బ్యాంకులు తల పట్టుక్కూర్చున్నాయి. ఆ సమయంలో డాక్టర్ మెహరున్నీసా ఒక సంగతి కనిపెట్టారు. మనకి మేలు చేసినవాళ్ళు గుర్తొచ్చినప్పుడు గుండె ఒక్క క్షణం నెమ్మదిస్తుంది, వేళ్ళ చివర్లు కాస్త వెచ్చబడతాయి. భయానికి వచ్చే మార్పు వేరు, ప్రేమకి వచ్చేది వేరు, ఇది వేరు. దానికి ఆమె గ్రాటిట్యూడ్ పల్స్ అని పేరు పెట్టారు. ఆ పల్స్ బలంగా ఉన్నవాళ్ళు తీసుకున్నది ఎగ్గొట్టరని పరీక్షల్లో తేలింది. పట్టీలోని సెన్సర్ దాన్ని పట్టుకుంటుంది, కంప్యూటర్ దాన్ని అంకెగా మారుస్తుంది. నటించినవాళ్ళు ఇట్టే దొరికిపోతారు. జనం దీన్ని గుండె స్కోరు అన్నారు. ఏడొందల యాభై దాటితేనే కారు లోను.

ధనుంజయరావుగారికి కారు సరదా ఏమీ లేదు పాపం. ఆ రోజుల్లో జగన్నాథపురంలో ఆయన ఉండే వీధిలోకి, పోటు వచ్చినప్పుడల్లా సముద్రం నడిచొచ్చేసేది. డ్రైవర్ లేని టాక్సీలు వీధి మొగలో నీళ్ళు చూసి వెనక్కి తిరిగిపోయేవి. వాటి ప్రోగ్రాం అంతే. ఆయన భార్య వరాలుకి పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది. రోజు విడిచి రోజు ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. మొదటి నెలల్లో కాలు ఎంత నేర్చుకుంటే అంత, ఆ తర్వాత కష్టమని ఆసుపత్రిలో చెప్పేశారు. ఆ విలువైన నెలల్లో పోటు రోజులన్నీ గుమ్మంలోనే గడిచిపోతున్నాయి. నీళ్ళలో కూడా నడిచే ఎత్తు చక్రాల కారు ఒకటి కొనుక్కుంటే, ఒకరిని దేబిరించకుండా భార్యని తనే తీసుకెళ్ళొచ్చునని ఆయన ఆశ.

"స్కోరు పెంచుకునే దారి ఉందాండి?" అని అడిగారు.

"ఉంది. ఎవరినైనా ఏదైనా అడగండి."

"అడుక్కోమంటారా?"

"అడగమంటున్నానండి. రెండూ ఒకటి కాదు," అన్నారు డాక్టరమ్మ. పట్టీ లెక్కలు దూరం నించే తన తెర మీదికి వచ్చేస్తాయని, దాన్ని మాత్రం విప్పకుండా చేతికే ఉంచి పంపించారు.

సరే, మర్నాడే ధనుంజయరావుగారు రంగంలోకి దిగారు. ఎదురింట్లో గున్నయ్య ఉంటాడు. చేపల రేవుకి ఐసు తోలే ఎత్తు వ్యాను అతనిది. అతన్ని నిచ్చెన అడిగారు. గున్నయ్య నమ్మలేనట్టు ఒకసారి చూసి, ఉరుకులు పరుగుల మీద తెచ్చిచ్చాడు. ఈయన దాన్ని గోడకి ఆనించి, ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా, గంట తర్వాత ఒక అత్తం అరటిపళ్ళతో సహా తిరిగిచ్చేశారు. పక్కింటి ఎస్తేరమ్మ దగ్గర గ్లాసుడు కాఫీపొడి తీసుకుని, సాయంత్రానికల్లా అదే గ్లాసు నిండా కొట్లో కొన్న జీడిపప్పు పోసి పంపారు. గిన్నె ఖాళీగా తిరిగివ్వకపోవడం మన మర్యాదే, కాదనం. కానీ ఈయన చేసింది మర్యాద కాదు, బాకీ తెంపుకోవడం.

వారం తర్వాత కుర్చీలో కూర్చుని ఇదంతా చెప్పినా, తెర మీద మళ్ళీ అదే అడ్డగీత.

డాక్టరమ్మకి నవ్వొచ్చింది. "గుండెకి తెలిసేలోపే తీర్చేస్తున్నారండి మీరు. పైగా అక్కర్లేనివి అడుగుతున్నారు. నిజంగా కావలసింది అడగండి."

ధనుంజయరావుగారు పట్టీని మణికట్టు మీద అటూ ఇటూ తిప్పారు. తర్వాత గొంతు తగ్గించి, "నిజంగా కావలసింది అడిగాక కాదంటే?" అన్నారు.

ఇన్నేళ్ళ బడాయి వెనక ఉన్నది ఈ భయమేనన్నమాట. డాక్టరమ్మ నవ్వు ఆపేశారు. "దానికి నా యంత్రం దగ్గర జవాబు లేదండి," అన్నారు.

ఆ వారంలోనే పెద్ద పోటు వచ్చింది. వరాలు పొద్దున్నే చీర కట్టించుకుని, తల దువ్వించుకుని కూర్చుంది. టాక్సీ వచ్చింది, నీళ్ళు చూసింది, వెళ్ళిపోయింది. ధనుంజయరావుగారు భార్యని రెండు చేతులా ఎత్తుకుని మెట్లు దిగారు. నీళ్ళు మోకాళ్ళ దాకా ఉన్నాయి. రెండడుగులు వేశారో లేదో కాలు జారింది. ఎలాగో గోడ పట్టుకుని నిలదొక్కుకున్నారు.

"దించేయండి. పడితే ఇద్దరం పోతాం," అంది వరాలు. ఆమెని మళ్ళీ కుర్చీలో కూర్చోబెడుతుంటే, "పోనీలెండి, ఈ కాలికి ఇంతే రాసిపెట్టి ఉందేమో," అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది ఆయనకి.

ఆయన నీళ్ళలోకి దిగి ఎదురింటికి నడిచారు. గున్నయ్య వ్యానుకి ఐసు పెట్టెలు ఎక్కిస్తున్నాడు.

"గున్నయ్యా."

"చెప్పండి బాబాయ్ గారూ. నిచ్చెనాండి?"

"కాదయ్యా." తన గుమ్మం వైపు చూపించారు. "మీ పిన్నిని ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. నా వల్ల కావట్లేదు."

నా వల్ల కావట్లేదు అన్న మాట ఆయన నోట రావడం అదే మొదలు. గున్నయ్య చేతిలో పెట్టె కింద పెట్టేశాడు.

"ఆయ్, దానికింత మొహమాటమేంటండి. రోజూ చూస్తానే ఉన్నాం. అడక్కుండా వస్తే మీరేవనుకుంటారోనని మా ఆవిడ ఆపేస్తోందండి నన్ను." అంటూనే వ్యాను వెనక తలుపు బార్లా తీశాడు.

అలికిడి విని ఎస్తేరమ్మ దుప్పటి పట్టుకొచ్చింది. మగాళ్ళిద్దరూ కలిసి వరాల్ని కుర్చీతో సహా వ్యాను ఎక్కించారు. కుర్చీ జరక్కుండా ఎస్తేరమ్మ పక్కనే కూర్చుని, దారి పొడుగునా తన కోడలి మీద చాడీలు చెప్పింది. వరాలు నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో ఆయనకే గుర్తులేదు.

ధనుంజయరావుగారు అలవాటు కొద్దీ డబ్బులు తీయబోయారు. "ఇప్పుడవన్నీ ఎందుకండి," అన్నాడు గున్నయ్య, వెనక్కి తిరగకుండానే. ఇవ్వడానికి చేతిలో అరటిపళ్ళూ లేవు, జీడిపప్పూ లేదు. ఊరికే తీసుకోవాల్సి వచ్చింది. చేపల వాసన కొడుతున్న ఆ వ్యానులో ఒక మూల కూర్చుని ఆయన కళ్ళు తుడుచుకున్నారు. సిగ్గుపడాల్సింది పోయి, గుండెల మీంచి బరువేదో దిగినట్టనిపించింది. వీళ్ళు చల్లగా ఉండాలని మనసులో అనుకున్నారు. పట్టీ మీద చిన్న దీపం వెలిగింది గానీ ఆయన చూసుకోలేదు.

అప్పట్నించీ పోటు రోజున ఐసు వ్యానే. గున్నయ్యకి వేరే పనుంటే అతని బావమరిది వచ్చేవాడు. ఎస్తేరమ్మకి ఓపిక లేకపోతే గున్నయ్య భార్య ఎక్కేది. వరాలు ముందు వేళ్ళు కదిపింది, తర్వాత నిలబడింది, ఆ తర్వాత చేతికర్రతో వసారా ఈ చివర్నించి ఆ చివరికి నడిచింది. ఆమె నడిచిన రోజున ధనుంజయరావుగారు గడప గడపకీ వెళ్ళి చెప్పొచ్చారు.

డాక్టరమ్మ ఫోన్ చేశారు. "ఏడొందల తొంభై అండి. మీ లోను మంజూరైంది."

"మీ మేలు మర్చిపోలేను డాక్టరమ్మా."

"నేనేం చేశానండి, కొలిచాను. అంతే."

"కాదమ్మా. అడగమని చెప్పింది మీరు," అన్నారాయన. తెర మీద ఆ క్షణాన అంకె ఇంకాస్త పెరగడం డాక్టరమ్మ చూశారు. తన పేరు ఆ లెక్కలోకి వస్తుందని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు.

కారు వచ్చింది. ఎత్తు చక్రాలు, నీలం రంగు, నడుములోతు నీళ్ళలోనైనా ఆగదు. లోను తీరేదాకా పట్టీ చేతికే ఉండాలని బ్యాంకు షరతు. ఉండనీ అన్నారాయన. కారు తాళాన్ని మాత్రం బీరువాలో దాచకుండా వీధి వసారాలో మేకుకి తగిలించారు. "ఎవరికి అవసరమైతే వాళ్ళు పట్టుకెళ్ళండి. నన్ను అడగక్కర్లేదు," అని వీధంతా చెప్పారు. వీధివాళ్ళకి ఆ మాట రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇది జరిగిన నెలకి మళ్ళీ పెద్ద పోటు. ఆసుపత్రికి వేళవుతోంది. ధనుంజయరావుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యని సొంత కార్లో తీసుకెళ్ళే హుషారులో వసారాలోకి వచ్చారు. మేకుకి తాళం లేదు. వాకిట్లో కారూ లేదు.

"ఎస్తేరు పట్టుకెళ్ళింది. పిఠాపురంలో కూతురికి నెప్పులొస్తున్నాయట," అంది వరాలు.

"నిన్న మామిడికాయలకని మీ గున్నయ్య తీసుకెళ్ళాడు. మొన్న ఎవరో పెళ్ళికన్నారు. కొన్నాక నేను రెండుసార్లైనా ఎక్కానా వరాలూ అందులో?"

"అయితే ఏం చేద్దాం?"

ఆయన చొక్కా చేతులు మడుచుకుని, వసారాలోంచే కేకేశారు. "గున్నయ్యా. మమ్మల్ని కాస్త ఆసుపత్రి దగ్గర దింపాలయ్యా."

"ఆయ్, వచ్చేయండి బాబాయ్ గారూ."

వరాలు చేతికర్ర పట్టుకుని, తన కాళ్ళ మీద తనే మెట్లు దిగింది. పోటు నీళ్ళలో పాదం మోపి ఒక్క క్షణం ఆగి, వ్యాను దాకా నడిచింది. గున్నయ్య చెయ్యి అందించాడు. లోపల కుర్చీ ఒక్కటే ఉంది. ధనుంజయరావుగారు ఐసు పెట్టె మీద గోనెపట్టా వేసుకుని కూర్చున్నారు. కింద చల్లగా తగులుతున్నా లేవబుద్ధి కాలేదు.

వ్యాను వంతెన ఎక్కుతుంటే పట్టీ గుర్రుమంది. బ్యాంకు నించి మెసేజి. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"ఏంటటండీ?" అంది వరాలు.

"స్కోరు ఎనిమిదొందల అరవై అయిందట. ఇంకో కారుకి లోను ఇస్తారట."

వరాలు చేతికర్ర ఒళ్ళో పెట్టుకుంది. "తీసుకుంటే మాత్రం, అదైనా మనకి దొరుకుతుందంటారా?"