నల్లటి తెర

"రీస్టార్ట్ చేసి చూశారా?" అని ఆఫీసులో అందరినీ విసుక్కునే మనిషి ఇవాళ తన లాప్‌టాప్‌నే మూడోసారి రీస్టార్ట్ చేసి, గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు. మొరాయించిన లాప్‌టాప్‌లకు వైద్యం చేస్తాడని ఆఫీసులో అతన్ని డాక్టర్ అంటారు.

వీడియో నడుస్తూనే ఉంది. కింద సెకన్లు కదులుతున్నాయి. బొమ్మ మాత్రం లేదు, కటిక నలుపు. పోనీ విందామా అంటే అందులో మాటలుండవు. ఆ వీడియో పంపిన టీచరు చేతులతో మాట్లాడుతుంది.

నాన్నమ్మకు వినికిడి పోయాక సైగల భాష నేర్పడానికి ఇంటికి వస్తోందామె. ఆమెకు పుట్టుకతోనే వినబడదు. మొదటిరోజు డాక్టర్ తలుపు తీసి, "కూ...ర్చోం...డి!" అని గొంతు చించుకున్నాడు.

ఆమె ఫోన్‌లో టైప్ చేసి అతని ముక్కు ముందు పెట్టింది. "నాకు వినబడదు. పక్క వీధివాళ్లు కూర్చుని ఉంటారు."

ఆ మాటకే మనవాడు చిత్తయిపోయాడు. నాన్నమ్మ పక్కన చేరి తనూ సైగలు నేర్చుకున్నాడు. నిన్న, వచ్చీరాని వేళ్లతో అడిగేశాడు. "నన్ను పెళ్లి చేసుకుంటావా?"

"వీడియో పంపిస్తా. తొందరపడకుండా చూడు," అని సైగ చేసి వెళ్లిపోయింది.

పంపింది. ఫోన్‌లో ఆ ఫైలు తెరుచుకోనని మొండికేసింది. లాప్‌టాప్‌లోనేమో ఇదీ సంగతి. ప్లేయర్ మార్చాడు. గ్రాఫిక్స్ డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాడు. ఏం చేసినా అదే నలుపు.

ఫోన్ టింగుమంది. "చూశావా?"

"చూస్తున్నా" అని కొట్టేశాడు. కనబడట్లేదని చెబితే సరిపోయేది. కానీ తన వైద్యం గురించి అన్ని కోతలు కోసినవాడు ఆ మాట ఎలా అంటాడు?

"ఏమంటావు?"

కాదందా, అవునందా? దేనికని ఏమంటాడు? "కొంచెం టైమ్ ఇవ్వు" అని పంపాడు.

జవాబు రాలేదు. ఆమె ఆన్‌లైన్‌లోంచి వెళ్లిపోయింది. ఆమె ఏదో పెద్దమాటే అడిగి ఉంటుంది. దానికి తను టైమ్ అడిగాడు. కొంప మునిగింది.

"ఒరేయ్, ఇలా రా!" హాల్లోంచి అమ్మ కేక.

"ఇప్పుడు కాదమ్మా!"

"ఇప్పుడే! అదే వీడియో ఎన్నిసార్లు వేస్తావురా?"

డాక్టర్ ఒక్క ఉదుటున హాల్లో పడ్డాడు. టీవీ నిండా టీచరు! నాన్నమ్మ పాఠాల కోసం తన గదిలోంచి టీవీకి లాగిన కేబుల్ అలాగే ఉంది. ఏ వీడియో వేసినా టీవీలోనే రావాలని సెట్టింగ్ పెట్టిందీ తనే. ఇంతసేపూ రోగం లేని లాప్‌టాప్‌కు మందేశాడన్నమాట.

"పిచ్చి వెధవా, ఆ పిల్ల నాలుగుసార్లు ఇష్టమంది. నీకింకా కనబడలేదా?" అంది నాన్నమ్మ.

అతను సిగ్గుతో చచ్చిపోతూ తెర వైపు చూశాడు. ఆమె చేతులు కదిలాయి.

"నువ్వంటే నాకిష్టం. కానీ భయం. మా చుట్టాలిళ్లలో అందరూ నవ్వుతుంటారు. ఎందుకని అడిగితే తర్వాత చెప్తాంలే అంటారు. ఎప్పుడూ చెప్పరు. మీ ఇంట్లో కూడా అలా కూర్చోలేను. మీ అమ్మగారిని అడుగు. ఆవిడ నాతో మాట్లాడతానంటేనే వస్తాను."

అతనికి అమ్మ ముఖం చూసే ధైర్యం లేకపోయింది. పాఠం మొదలవగానే "నాకెందుకు ఈ వయసులో" అంటూ వంటింట్లోకి జారుకునే మనిషి.

"ఏమందో తెలుసా అమ్మా?"

"మీ నాన్నమ్మ చెప్పింది." అమ్మ తెర వైపే చూస్తోంది. "ఇన్నాళ్లూ ఆ పిల్ల వస్తుంటే టీ కప్పు పెట్టి వెళ్లిపోయానురా. ఒక్క మాటా మాట్లాడలేదు. ఫోన్ చెయ్యి."

"ఏం చెప్తావు?"

"ముందు చెయ్యరా!"

వీడియో కాల్ చాలాసేపు మోగింది. చివరికి టీచరు కనబడింది, ఎర్రబడ్డ కళ్లతో. అతను చెయ్యెత్తబోతే అమ్మ మోచేత్తో పక్కకు నెట్టింది. నాన్నమ్మ వేళ్లను ఓరగా చూస్తూ, తడబడుతూ, ఒక్కొక్క సైగే పేర్చింది. "నాకు. నేర్పు. ఇంటికి. రా."

టీచరు ముక్కు తుడుచుకుని, నవ్వి, చేతులు ఆడించింది.

"ఏమందిరా?" అమ్మ కంగారుపడింది.

"వస్తున్నాను అత్తయ్యా, అంది."

అమ్మ ఫోన్‌ను ముఖానికి దగ్గరగా లాక్కుంది. "అత్తయ్యా అనే సైగ ఎలా చేసిందో, ఇంకోసారి చెయ్యమను."