పద్నాలుగో కుళాయికి హారతి

ముందు జరిగింది వెనక్కి, వెనక జరిగింది ముందుకి నేను తారుమారు చేయవచ్చు. ఈ మధ్య పొయ్యి మీద పాలు పెట్టిన సంగతే మరిచిపోతున్నాను. కానీ జరిగింది మాత్రం జరిగింది. మా డాలీ వదిన నోటి నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఆమె పోయి రెండేళ్లయింది. ఇప్పుడిది తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. అది కూడా జారిపోకముందే నా మనవరాలి కోసం రాసి పెడుతున్నాను.

దక్షిణాఫ్రికాలో, ఉమ్‌హ్లాలి ఊరికి పైన, చెరకు తోటల నడుమ మా పట్నం. పట్నం తాగే నీళ్లను పరీక్ష చేసే లాబొరేటరీ గుట్ట మీద, పెద్ద ట్యాంకు పక్కనే ఉండేది. డాలీ అక్కడ పంతొమ్మిదేళ్లు పనిచేసింది. ప్రతి మంగళవారం మోరిస్ వ్యాను నడిపేవాడు, ఆమె పద్నాలుగు కుళాయిల దగ్గర దిగి పద్నాలుగు సీసాలు నింపుకొచ్చేది. పని చూడటానికి చిన్నదే. కుళాయి మూతి తుడవాలి. స్పిరిట్ దీపం వెలిగించి ఆ మంటను మూతికి చుట్టూ తిప్పాలి, దాని మీదున్న పురుగు చావడానికి. రెండు నిమిషాలు నీళ్లు వదిలేసి సీసా పట్టాలి. తిరిగి వచ్చాక ఆ నీళ్లను కాగితంలో వడగట్టి, ఆ కాగితాన్ని చిన్న డిష్‌లో వేసి, వెచ్చటి పెట్టెలో ఒక రోజు ఉంచాలి. నీళ్లు మంచివైతే కాగితం తెల్లగానే ఉంటుంది. మురుగు కలిస్తే పసుపు చుక్కలు లేస్తాయి.

పద్నాలుగో కుళాయి ఊరికి దూరంగా, మట్టిదారి చివర, చెరకు కూలీల బ్యారక్స్‌లో. నలభై ఇళ్లకు అదొక్కటే కుళాయి. అది వచ్చి రెండేళ్లే. దానికి ఎవరూ పెట్టని కాపలావాడు అంకయ్య. ఎనభై దాటిన ముసలాయన. ప్రతి మంగళవారం పొద్దున్నే కుళాయికి పసుపు పూసి కూర్చునేవాడు.

"మళ్లీ పూసేవా తాతా? నీ పసుపు తోమలేక చస్తన్నాను."

"గంగమ్మకి పసుపు లేకపోతే ఎలాగే అమ్మీ? నువ్వు మాత్రం హారతి ఇయ్యట్లేదా?"

"హారతి కాదు. పురుగు సావడానికి మంట పెడతన్నాను."

"పేరేదైతేనేం. మంట మంటే కదా!"

ఆమె దీపం తిప్పుతుంటే ఆయన చేతులు జోడించేవాడు. బ్యారక్స్ పిల్లల్ని కూడా వరసగా నిలబెట్టి దండం పెట్టించేవాడు. మంగళవారం హారతి అయ్యేదాకా పిల్లలెవరూ ఆ నీళ్లు ముట్టకూడదు. అది ఆయన పెట్టిన ఆచారం. డాలీ సీసా మూత బిగించగానే, "అమ్మీ హారతిచ్చింది, ఇక తాగండర్రా" అని అరిచేవాడు. డాలీ మొదట్లో నవ్వుకునేది. తర్వాత తర్వాత ఆ మాట వినకపోతే పని పూర్తయినట్టు ఉండేది కాదట.

తొంభై నాలుగు ఏప్రిల్. తెల్లారితే ఎన్నికలు. మా వాళ్లు, జులూ వాళ్లు, అందరూ మొదటిసారి ఒకే వరసలో నిలబడి ఓటు వేయబోతున్నారు. సంతోషం ఎంతో భయం అంత. కొట్లలో కొవ్వొత్తులు అయిపోయాయి, డబ్బా చేపలు అయిపోయాయి. ఏ గొడవ వస్తుందోనని జనం స్నానాల తొట్టెలు కూడా నీళ్లతో నింపి పెట్టుకున్నారు. ఆ మంగళవారం పదమూడు కుళాయిలు అయ్యేసరికి మధ్యాహ్నం రెండైంది. మట్టిదారి మలుపు దగ్గర మోరిస్ వ్యాను ఆపేశాడు.

"ఆ బురదలోకి నేను రానక్కా. నిన్న ఆ దారిలో తుపాకులు పేలేయంట."

"ఎవరు చెప్పేరు?"

"అందరూ చెప్తన్నారు."

"అందరూ అంటే మీ ఆవిడ మోరీనేనా?"

"సరే, మోరీనే. మోరీను చెప్తే తుపాకీ పేలదేటి? రెండేళ్లుగా ఆ కుళాయిలో ఒక్క చుక్క లేచిందా? లాబ్ వంటింట్లో పట్టెయ్యి. అదే ట్యాంకు, అవే నీళ్లు."

డాలీ దారివైపు చూసింది. దూరంగా, చెరకు మధ్య, ఎవరో చెయ్యెత్తినట్టు అనిపించింది. గాలికి ఆకు ఊగిందేమో అనుకుంది.

"పోనియ్యి" అంది.

పద్నాలుగో సీసా లాబొరేటరీ వంటింటి కుళాయి దగ్గర నింపింది. మొదటి సీసా ఎప్పుడూ ఆ కుళాయిదే. ఈసారి దీపం కూడా వెలిగించలేదు.

మర్నాడు బుధవారం. చీకటితోనే వెళ్లి వరసలో నిలబడి, మధ్యాహ్నానికి ఓటు వేసింది. కాళ్లు నేల మీద ఆనలేదట. అక్కణ్ణించి అటే గుట్ట ఎక్కింది. సెలవైనా సరే, డిష్‌లు పెట్టిన ఇరవై నాలుగు గంటలకు చూసి తీరాలి. మూడు దాటింది. గుట్ట మీద మనిషి లేడు. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది.

వెచ్చటి పెట్టె ఉన్న గదికి కిటికీల్లేవు. తలుపు మూస్తే పగలు కూడా రాత్రే. పెట్టె మీద చిన్న ఎర్రదీపం. ఎప్పుడూ ఉండే క్లోరిన్ వాసన, ఉడికిన చారులాంటి వాసన. వాటి కింద ఇంకేదో... పచ్చి పసుపు వాసన.

వంటింట్లోంచి టప్... టప్... అని నీటిచుక్కల చప్పుడు. వెళ్లి కుళాయి గట్టిగా బిగించి వచ్చింది. చప్పుడు ఆగింది.

మొదటి డిష్ తీసింది. తెలుపు. రెండోది తెలుపు. పదమూడు వరకూ తెలుపే. పద్నాలుగోది తీసింది.

అంచు నుంచి అంచు దాకా పసుపు. లెక్కపెట్టడానికి చుక్కల మధ్య సందు లేదు.

ఇది జరిగే పని కాదు. ఒకటో సీసా, పద్నాలుగో సీసా ఒకే కుళాయివి. ఒకటి తెల్లగా ఉంటే రెండోది ఇలా ఎందుకుంటుంది? తన చెయ్యే తగిలి ఉంటుంది. మళ్లీ పరీక్ష చేయాలంటే నీళ్లు ఎక్కడివో లాబొరేటరీ పెద్ద లెస్లీకి చెప్పాలి. చెబితే ఉద్యోగం పోతుంది.

డాలీ కలం తీసింది. రిజిస్టరులో పద్నాలుగు ఎదురుగా, చుక్కలేవీ లేవని సున్నా చుట్టింది.

టప్... టప్...

"అమ్మీ..."

గొంతు మెల్లగా. పక్కనే. ఆమె కదల్లేదు.

"ఈ వారం హారతి మరిసిపోయేవు."

వంటింట్లో నీలంగా వెలుతురు. నడుచుకుంటూ వెళ్లిందో, కాళ్లే తీసుకెళ్లాయో. తొట్టి పక్కన స్పిరిట్ దీపం వెలుగుతోంది. తను వెలిగించలేదు. కుళాయికి తడి పసుపు. నేల మీద బురద అడుగులు... ఒక పెద్ద జత. మూడు చిన్న జతలు. అన్నీ కుళాయి వైపు తిరిగి ఉన్నాయి. తలుపు దగ్గర ఒక్క అడుగూ లేదు.

"పిల్లలికి దాహం. నిన్నటి నుంచి ఆపేను. నీళ్లు మంచియేనా అమ్మీ? తాగమంటావా?"

దీపం తన దగ్గరికి జరిగినట్టయింది.

"చెప్పు... తాగమంటావా?"

అక్కణ్ణించి బయటపడితే చాలు. అదొక్కటే ఆమెకు తెలుసు.

"తాగండి" అంది డాలీ. "తాగండి తాతా... తాగండి!"

దీపం ఆరిపోయింది.

గురువారం పొద్దున మోరిస్ వచ్చాడు. టోపీ చేతిలో నలుపుతున్నాడు.

"అక్కా, అంకయ్య తాత సోమవారం రాత్రే పోయేడంట. వాంతులు, విరేచనాలు. మనం మలుపులో ఆగేసరికే పాడె కట్టేరు."

ఆమె రిజిస్టరు వైపు తిరిగింది.

"పిల్లలు మంగళవారం నుంచి కుళాయి ముట్టలేదంట. హారతి అవ్వలేదని వాననీళ్ల పీపాలోవే తాగేరు. నిన్న మూడు దాటేక ఎవరో తాగమన్నారంట. ఇప్పుడు ముగ్గురు ఆసుపత్రిలో ఉన్నారు."

"ఎవరు... ఎవరు తాగమన్నారు?"

"ఒక ఆడమనిషి గొంతంట. కుళాయిలోంచి వచ్చిందంటన్నారు. జొరం కదా, పిల్లలు ఏదో అంటారు."

డాలీ పరుగెత్తి లెస్లీకి అంతా చెప్పేసింది. ఆ సాయంత్రమే బ్యారక్స్ కుళాయి మూసేశారు. తవ్వితే, మరుగుదొడ్డి గుంట పక్కన పైపు పగిలి ఉంది. లెస్లీ పద్నాలుగో డిష్ తెరిచి చూశాడు. అది తెల్లగా ఉంది. ఆమె చుట్టిన సున్నాయే నిజమైంది.

ఆదివారానికి ముగ్గురు పిల్లలూ పోయారు. డాలీ ఆ పని మానేసింది. ఉన్నన్నాళ్లూ తన ఇంట్లో కుళాయి మూతికి మంట చూపించకుండా ఎవరికీ గ్లాసుడు నీళ్లు ఇవ్వలేదు. ఆ ముగ్గురి పేర్లూ చిన్న పుస్తకంలో రాసుకుని, ప్రతి మంగళవారం చదువుకునేది. పోయేముందు ఆ పుస్తకం నా చేతిలో పెట్టింది.

ప్రెనిషా, బంగారుతల్లీ, నువ్వొకసారి పేర్లు సరిచూడాలి. మోరిస్ భార్య మోరీనో షర్లీయో, నాకు గట్టిగా గుర్తు లేదు. పిల్లల పేర్లు ఇక్కడ రాద్దామని ఇందాక ఆ పుస్తకం తీశాను. ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసింది. మూడు పేర్లే ఉండాలి. మీ తాత పోయినప్పుడు చూశాను, మూడే ఉన్నాయి. పోయిన నెల చూశాను, మూడే.

ఈ రోజు నాలుగున్నాయి. నాలుగోది కూడా డాలీ రాతే. వేలు పెడితే తడి తగిలింది, వేలికి పసుపు అంటింది. నేనే మరిచిపోతున్నానేమో. కళ్లజోడు పెట్టుకుని అది ఎవరి పేరో చదవడానికి ధైర్యం చాలడం లేదు. నువ్వు వచ్చి చూడు తల్లీ. వచ్చేదాకా మాత్రం మంచినీళ్లు తాగకు.